ఇంటిపేరు రాయని రిజిస్టరు

రావులపాలెం దగ్గర గౌతమి వంతెన దిగితే కోనసీమ. కొబ్బరితోటలు చూసి పోదామని వచ్చేవాళ్లు, అంతర్వేది తీర్థానికి వచ్చేవాళ్లు, షూటింగులకొచ్చే సినిమావాళ్లు... ఈ దారికి అందరూ అలవాటే. అప్పుడప్పుడూ వీళ్లలో మరో రకం అతిథి కలుస్తుంటాడు. మనిషిని చూస్తే మనవాడే. నోరు విప్పితే ఫ్రెంచి, ఇంగ్లిషు, మధ్యలో నాలుగు తెలుగు ముక్కలు. చేతిలో ఓ జిరాక్సు కాగితం. దానిమీద ఓ నంబరు, ఓ మనిషి పేరు, ఓ ఊరి పేరు. ముత్తాత తండ్రిది ఈ చుట్టుపక్కలేనని ఆ కాగితమే సాక్ష్యం.

అరుగుమీద కూర్చున్న పెద్దాయన అడిగే మొదటి ప్రశ్న ఏ ఊళ్లోనైనా ఒకటే.

''ఇంటిపేరేంటండీ?''

అంత దూరం నుంచి వచ్చిన మనిషి అక్కడే ఆగిపోతాడు. ఎందుకంటే ఆ కాగితంలో అన్నీ ఉన్నాయి... ఇంటిపేరు తప్ప.

నంబరుగా మారిన మనిషి

మూలాలు వెతుక్కోవడం ప్రపంచంలో చాలామందికి ఉన్న ముచ్చటే. జర్మనీ నుంచి అమెరికా వెళ్లినవారి మునిమనవలు హాంబర్గ్ రేవు జాబితాలు తిరగేస్తారు. 1850 నుంచి 1934 దాకా ఆ రేవులో ఓడెక్కినవాళ్ల పేరు, ఊరు, వృత్తి అందులో దొరుకుతాయి. వాళ్లకి ఇంటిపేరే తాళంచెవి. అది పట్టుకుని సొంతూరి చర్చి రిజిస్టరు దాకా వెళ్లిపోవచ్చు. కోనసీమ నుంచి వెళ్లినవాడి మునిమనవడికీ అలాంటి జాబితా ఉంది. ఆ మాటకొస్తే హాంబర్గ్ జాబితాకన్నా వివరమైనదే ఉంది. అయితే అది వలసపోయిన మనిషికోసం రాసుకున్నది కాదు. కూలీ పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్నది.

బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు మనుషులు కావాల్సి వచ్చింది. 1834 నవంబరు 2న కలకత్తా నుంచి 'అట్లాస్' ఓడలో 36 మంది కూలీలు మారిషస్‌లో దిగారు. ఆ తర్వాత ఎనభై ఏళ్లలో నాలుగున్నర లక్షలమందికి పైనే వెళ్లారు. అయిదేళ్ల ఒప్పందం, నెలకు అయిదు రూపాయలు, పైన తిండిగింజలు. పోర్ట్ లూయీలో వాళ్లు దిగిన చోటే ఇప్పటి అప్రవాసీ ఘాట్. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. దిగిన ప్రతి మనిషికీ ఓ నంబరు ఇచ్చేవారు. పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, కులం, ఊరు, జిల్లా, ఒంటిమీద గుర్తులు పెద్ద పెద్ద రిజిస్టర్లలో రాసుకునేవారు. 1860ల తర్వాత ఫొటోలు కూడా తీశారు. అవన్నీ మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. సొంతూళ్లో అద్దంలోనైనా సరిగ్గా చూసుకున్నాడో లేదో తెలియని మనిషి ముఖం, నుదుటిమీద పుట్టుమచ్చతో సహా, అక్కడ దొరుకుతుంది.

రిజిస్టరు రాసే గుమస్తాకి ఇంటిపేరుతో పనిలేదు. తండ్రి పేరు చాలు. అలా ఓడ దిగిన అప్పన్న కొడుకులకి 'అప్పన్న' అన్నదే ఇంటిపేరైంది. సన్యాసి కొడుకులు 'సన్యాసి' వాళ్లయ్యారు. మారిషస్‌లో పుట్టిన నవలా రచయిత్రి నటాషా అప్పన్న ఇంటిపేరు వెనకున్నదీ ఇదే కథ. 1872లో ఓడ దిగిన తన పూర్వికుల జాడను, తాతా నానమ్మల జ్ఞాపకాలను కలిపి ఆమె 2023లో ఫ్రెంచిలో ఓ పుస్తకమే రాశారు. అక్కడి తెలుగువారు ఇప్పటికీ రామభజనలు చేస్తారు, సింహాద్రి అప్పన్నకి మొక్కుతారు. ఉగాదికి దేశమంతా సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిందీ ఆ గడ్డమీదే. ఇన్ని మిగుల్చుకున్నవాళ్లకి మిగలనిది ఆ ఒక్క ఇంటిపేరే.

ఊరుంది... ఏ ఊరు?

పోనీ, ఇంటిపేరు లేకపోతే ఊరు పట్టుకుందామంటారా? అక్కడా చిక్కే. తెలుగు చెవితో వినని గుమస్తా రాసిన ఊరి పేరు అది. పైకి చదివి, నాలుగైదు రకాలుగా పలికి చూసుకుంటే గానీ అసలు పేరు బయటపడదు. బయటపడినా 'కొత్తపేట' అని తేలిందనుకోండి, ఆంధ్రదేశంలో కొత్తపేట లేని జిల్లా ఏది? గన్నవరం ఇక్కడా ఉంది, కృష్ణా జిల్లాలోనూ ఉంది. ఇక పాలేలు, లంకలు లెక్కపెట్టడం ఎవరి తరం!

జిల్లా పేరు మరో తికమక. 1859కి ముందు కాగితమైతే ఈ ప్రాంతం రాజమండ్రి జిల్లా. ఆ తర్వాత గోదావరి జిల్లా. 1925 నుంచి తూర్పు గోదావరి. 2022 నుంచి డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ కోనసీమ జిల్లా. మనిషి ఒకచోటే పుట్టాడు, జిల్లాలే అతని చుట్టూ తిరిగాయి. తాలూకాల సంగతీ అంతే. 1907 నాటి జిల్లా గెజిటీర్‌లో అమలాపురం తాలూకా ఉంది గానీ కొత్తపేట తాలూకా లేదు. రాజోలు పేరూ లేదు. వైనతేయకీ వశిష్ఠకీ మధ్యనున్న ఆ గడ్డని అప్పట్లో నగరం లంక అనేవారు. 1904 దాకా అది నదికి అవతలున్న నరసాపురం తాలూకాలో భాగం. నరసాపురం కృష్ణా జిల్లాలోకి వెళ్లినప్పుడు ఈ లంకని మాత్రం గోదావరి జిల్లాలోనే ఉంచి నగరం తాలూకా చేశారు. కాబట్టి పాత కాగితంలో 'నరసాపురం తాలూకా' అని ఉందని పశ్చిమగోదావరిలో వెతుక్కుంటూ కూర్చుంటే, ముత్తాతగారి ఊరు చించినాడ వంతెన దాటాక రాజోలు వైపు ఉండిపోయినా ఉండిపోవచ్చు.

అన్నీ సరిపోయి ఊరు ఇదేనని తేలినా గోదావరి మాట వినాలి. లంక ఊళ్లను ఏటా కాస్త కాస్త కోసుకుపోవడం దానికి అలవాటు. ముత్తాత నడిచిన వీధి ఇప్పుడు నది మధ్యలో ఉండొచ్చు.

ఎందుకెళ్లారు?

పి.గన్నవరం దగ్గర ఆగితే ఈ ప్రశ్నకి సగం జవాబు కళ్లముందే ఉంటుంది. వైనతేయ మీదుగా నగరం లంకకి కాలువ నీళ్లు తీసుకెళ్లడానికి 1850లలో 49 ఖానాలతో కట్టిన పాత అక్విడక్టు అది. పక్కనే 2000లో కట్టిన కొత్తదానికి అన్నదాత డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఇవాళ పచ్చగా కనిపించే ఈ సీమ, ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852కి ముందు ఇలా లేదు. 1832-33లో వచ్చిన కరవుని జనం 'డొక్కల కరవు' అన్నారు. ఆకలికి డొక్కలు బయటపడ్డ మనుషుల్ని చూసి పెట్టిన పేరది. ఆరేళ్లు తిరక్కుండానే 1839 నవంబరులో ఉప్పెన కోరంగి రేవుని ఊడ్చేసింది. మూడు లక్షలమంది పోయారన్న లెక్క చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. ఆ రేవు చుట్టూ అంత జనం ఉండేవారా అన్నది అనుమానమే గానీ, కోరంగి మళ్లీ పాత కోరంగి కాలేదన్నది మాత్రం నిజం.

కాలువలొచ్చాక వలస ఆగిందా అంటే, లేదు... దారి మళ్లింది. మారిషస్ బదులు జనం 'రంగం' వెళ్లారు. రంగమంటే రంగూన్. కాకినాడలో ఓడెక్కి, డెక్కుమీద కూర్చుని, రేవులో మూటలు మోయడానికో మిల్లులో పనికో వెళ్లినవాళ్లకి బర్మాలో 'కోరంగీలు' అనే పేరు స్థిరపడింది. ఇక్కడో విడ్డూరం. టిక్కెట్టు కొనుక్కుని స్వేచ్ఛగా రంగం వెళ్లినవాడి గురించి అలాంటి రిజిస్టరు లేదు. ఒప్పందానికి కట్టుబడి మారిషస్‌కో, నాటాల్‌కో, ఫిజీకో వెళ్లినవాడి పుట్టుమచ్చ కూడా నమోదైంది. 1860లో మద్రాసు నుంచి 'ట్రూరో' ఓడ దర్బన్ చేరింది మొదలు 1911 దాకా నాటాల్ వెళ్లిన లక్షా యాభై రెండువేల మంది ఓడ జాబితాలు ఇవాళ వెతుక్కునేందుకు వీలుగా ఉన్నాయి. 1903 నుంచి మద్రాసు మీదుగా ఫిజీ వెళ్లినవాళ్లకి మనిషికో పాసు ఉంది.

మరి ఊళ్లో ఏముంది?

తహసీల్దారు ఆఫీసులో అడిగితే ఆర్.ఎస్.ఆర్. ఉంటుంది, డైగ్లాట్ ఉంటుంది. ఏ సర్వే నంబరు ఎవరిదో, శిస్తు ఎంతో తరాల వెనక్కి చెబుతాయవి. కానీ అవి భూమి చరిత్రలు. నెలకి అయిదు రూపాయలకి సముద్రం దాటినవాడికి సెంటు భూమైనా ఉందా? ఉంటే ఎందుకెళతాడు! జనన మరణాల రిజిస్టర్లంటారా, వాటికి మద్రాసు ప్రెసిడెన్సీలో ప్రత్యేక చట్టం వచ్చిందే 1899లో. అప్పటికి మారిషస్ వెళ్లినవాళ్ల మనవలు కూడా పుట్టేశారు. సముద్రానికి అవతల మూడు తరాల లెక్క పక్కాగా ఉన్న కుటుంబానికి సొంతూళ్లో ఒక్క అక్షరం కూడా ఉండకపోవచ్చు.

కాగితం లేనిచోట నోటిమాటే రిజిస్టరు. ఊరూరా తిరిగి గోత్రాలు, వంశాలు పాడే పిచ్చికుంట్లవాళ్లు ఒకప్పుడు ఆ పనే చేసేవారు. ఆ పాటలు వినేవాళ్లు తగ్గాక పాడేవాళ్లూ తగ్గిపోయారు. క్రైస్తవ కుటుంబాలైతే చర్చి రిజిస్టర్లు వెతుక్కోవచ్చు. నరసాపురంలో 1836లోనే మొదలైన గోదావరి డెల్టా మిషన్ ఈ లంకల్లో తిరిగింది.

మిగిలింది కులం గడి. ఒక్కోసారి అందులో కులం పేరుంటుంది. ఒక్కోసారి 'జెంటూ' అని మాత్రమే ఉంటుంది. తెలుగువాళ్లకి తెల్లదొరలు పెట్టిన పేరది. ఇంటిపేరు చెప్పలేని అతిథికి ఊళ్లో ఎదురయ్యే రెండో ప్రశ్న ఈ గడి గురించే. ఏ పేట వైపు తీసుకెళ్లాలో తేలాలి కదా మరి! ఓడలో అందరూ ఒకే అరలో పడుకున్నారు, ఒకే కుండలో నీళ్లు తాగారు. నూటయాభై ఏళ్ల తర్వాత తిరిగొచ్చినవాడు మళ్లీ ఓ పేటకి చెందాల్సి వస్తుంది. అది తెలుసుకోవాలని ఉన్నవాళ్లు కొందరు, అక్కర్లేదనుకునేవాళ్లు ఇంకొందరు. తెలియకపోతే వెతుకులాట మాత్రం ముందుకి సాగదు.

వంతెన అవతల

అమలాపురం నుంచి ముమ్మిడివరం, మురమళ్ల మీదుగా ఎదుర్లంక వస్తే గౌతమి మీద జీఎంసీ బాలయోగి వంతెన. అవతల యానాం. 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడి. 1929లో బాల్యవివాహాలకి అడ్డుకట్ట వేస్తూ శారదా చట్టం వచ్చాక, ఇవతలి ఊళ్లవాళ్లు పెళ్లిబృందాల్ని నది దాటించి యానాంలో తాళికట్టించేవారు. 'కల్యాణపురం' అన్న పేరు ఆ రోజుల్లోదే. అంతకు వందేళ్ల ముందు, 1828లో, ఈ రేవు నుంచే పదిహేనుమంది తెలుగువాళ్లు రీయూనియన్ దీవికి వెళ్లారు. 'అట్లాస్'కన్నా ఆరేళ్లు ముందన్నమాట. ఫ్రెంచివాళ్లు పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు రాసుకున్న యానాం రిజిస్టర్లు ఇప్పుడు ఫ్రాన్సులో, ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. నది ఇవతలున్నవాడికి లేని భాగ్యం, అవతలున్నవాడికి ఉంది.

యానాం దాటితే తాళ్లరేవు, ఆ పక్కనే కోరంగి. 1843లో 'కోరంగి పాకెట్' ఓడలో తమవాళ్లు వచ్చారని మారిషస్ తెలుగువారు చెప్పుకునేది ఈ ఊరి పేరునే. ఒకప్పుడు యుద్ధనౌకలకి కూడా మరమ్మతులు చేసిన రేవు. ఒండ్రు పూడి, వ్యాపారం కాకినాడకి తరలిపోయి, ఇప్పుడు మిగిలింది మడ అడవి. మడచెట్ల మధ్య కర్రల దారిమీద నడిచే పర్యాటకులకి ఇక్కడ ఓడలు కట్టేవారంటే నమ్మబుద్ధి కాదు. కాగితంలో ఊరి గడిలో 'కోరంగి' అని మాత్రమే ఉన్నవాళ్లకి అది పుట్టిన ఊరో, ఓడెక్కిన రేవో చెప్పేవాళ్లు లేరు. కాసేపు నీళ్లకేసి చూసి కాకినాడ బస్సెక్కుతారు. పక్కన తాలూకా పేరు కూడా ఉన్నవాళ్లు ఆటో వెనక్కి తిప్పించి మళ్లీ ఎదుర్లంక వంతెన ఎక్కుతారు.