ఆటోనగర్‌లో ఎనిమిది స్ప్రింగులు

బెజవాడ వెళ్ళినవాళ్ళు కొండెక్కి కనకదుర్గమ్మను దర్శిస్తారు, బ్యారేజీమీద కాసేపు గాలి పీలుస్తారు, వన్‌టౌనులో బట్టలు కొంటారు. ఆటోనగర్‌కు మాత్రం బండి మొరాయిస్తే తప్ప ఎవరూ వెళ్ళరు. నేనూ అందుకే వెళ్ళాను.

మా పెద్దబావగారికి ఒక పాత అంబాసిడర్ ఉంది. పూలు కట్టి పెళ్ళిళ్ళకు అద్దెకు తిప్పుతారు; ఇంటికి అన్నం పెట్టేది ఆ బండే. శ్రావణ ముహూర్తాలకు బయానాలు పుచ్చుకున్నాక, కాస్త వేగం అందుకుంటే చాలు, ఇంజను తడబడి దగ్గడం మొదలెట్టింది.

బెంజి సర్కిల్ నుంచి బందరు రోడ్డున పటమట వైపు సాగితే, ఆటోనగర్ చప్పుడే దారి చూపిస్తుంది. 1960లలో వెలసిన పేట ఇది. ఒక వీధిలో లారీలకు బాడీలు కడుతుంటారు, ఒక వీధిలో లేతు మిషన్లు, మరోచోట సీట్లు కుట్టేవాళ్ళు. ఎక్కడ చూసినా లారీ కమాను కట్టలు గుట్టలు గుట్టలు. మా పని మాత్రం అరచేతిలో ఇమిడే స్ప్రింగులతో!

మేస్త్రి అరవై దాటిన మనిషి. హెడ్డు విప్పి, ఎనిమిది వాల్వులూ, వాటి స్ప్రింగులూ వరస తప్పకుండా కాగితంమీద పేర్చి ఉంచాడు.

“చూడ్డానికి బాగానే ఉన్నాయిగా మేస్త్రీ! బిగించెయ్యరాదూ?” అన్నారు బావగారు.

“కంటికి పొడుగు తెలుస్తుందండీ, బలం ఎట్లా తెలుస్తుంది?” అన్నాడతను.

నిజమే మరి. వాల్వును తెరిచేది క్యాము, మూసేది స్ప్రింగు. ఇంజను నిమిషానికి మూడువేల చుట్లు తిరిగితే ఒక్కొక్క వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. స్ప్రింగు నీరసిస్తే వాల్వు వేళకు మూసుకోదు. పొగ పోయే వాల్వు సంగతి మరీ కష్టం: ఒంటి వేడిలో చాలాభాగం అది సీటుకు ఆనినప్పుడే దించుకోవాలి. సరిగా ఆనకపోతే అంచు కాలిపోతుంది. అలాగని స్ప్రింగు మరీ బిరుసైనా ముప్పే, క్యాము అరిగిపోతుంది.

కొలిచే పద్ధతి ముచ్చటగా ఉంది. ముందు వాల్వును హెడ్డులో నిలబెట్టి, స్ప్రింగు కూర్చునే చోటికీ పైకప్పుకూ మధ్య ఎత్తు కొలిచాడు. తర్వాత డ్రిల్లింగు మిషను బల్లమీద ఎలక్ట్రానిక్ కాటా పెట్టి, దానిమీద స్ప్రింగు నిలిపి, మిషను ఆపి ఉండగానే పిడి తిప్పుతూ సరిగ్గా ఆ ఎత్తుకు నొక్కాడు. కాటా చూపిన బరువే స్ప్రింగు బలం! వాల్వు తెరుచుకునే మేర ఇంకా నొక్కి రెండోసారి చదివాడు. పక్కనున్న కుర్రవాడు గోడమీద సుద్దతో అంకెలు వేశాడు.

ఆరు ఇంచుమించు సమానం. ఏడోది కాస్త వెనక. మూడో సిలిండరు పొగవాల్వుది మాత్రం బాగా దిగజారింది. కొత్తదానికన్నా నూటికి పదిపాళ్ళు మించి తగ్గితే పారెయ్యమని మేస్త్రీల లెక్క. ఆ వాల్వు అంచున కాలిన మచ్చలు అప్పటికే పడ్డాయి.

“అడుగున ఒక వాషరు వేస్తే?” అన్నారు బావగారు. ఆయన జేబు బాధ ఆయనది.

“సీటు లోతు దిగినప్పుడు వేస్తామండీ. అలిసిపోయిన స్ప్రింగుకు వేస్తే నాలుగు రోజుల ముచ్చటే. మందం ఎక్కువైతే చుట్టుకు చుట్టు తగులుకుంటుంది. పెళ్ళికొడుకును నడిరోడ్డున దింపుతారా?”

బావగారు మారు మాట్లాడలేదు. అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగిపోయినా, నాలుగు దుకాణాలు తిరిగేసరికి స్ప్రింగుల సెట్టూ, ఒక వాల్వూ దొరికాయి. మేస్త్రి కొత్తవాటినీ కాటా ఎక్కించాడు! రెండు తేలిపోయాయి. దుకాణదారు గొణుక్కుంటూనే మార్చి ఇచ్చాడు.

ఎనిమిదో స్ప్రింగు బిగిసేసరికి వీధిలో దీపాలు వెలిగాయి. బావగారు ఫోను తీసి, “బండి వస్తుందండీ, బెంగపడకండి” అని పెళ్ళివారికి చెబుతున్నారు.