కరణాల ఇంట్లో క్లౌడ్ పని

పోయిన సంక్రాంతికి ఊరికి వచ్చిన చుట్టాలందరూ మమ్మల్ని ఒకే మాట అడిగినారు. హోసూరు ఇంటి మేడ మీద గదిలో నలుగురు కూర్చుని రాత్రి పొద్దుపోయేదాకా జర్మనీ వాళ్ళతో ఏం మాట్లాడతారు అని. "కంప్యూటరు పని" అని తప్పించుకోవడం మాకు అలవాటే. ఈసారి మాత్రం వివరంగా రాస్తామని చిన్నాయనకు మాట ఇచ్చినాం.

మేము నలుగురం ఒకే తాతకు మనవళ్ళం, మనవరాళ్ళం. జర్మనీలో ఒక చిన్న ఊళ్ళో ఐటీ సేవలు చేసే కంపెనీ ఉంది. పళ్ళ డాక్టర్లు, పన్ను లెక్కలు చూసే ఆఫీసులు, ఒకటి రెండు చిన్న ఫ్యాక్టరీలు వాళ్ళ గిరాకీలు. గిరాకీల కంప్యూటర్లు చూసుకునేది వాళ్ళు, వెనకాల సర్వర్లు చూసుకునేది మేము. ఇన్నేళ్ళూ అన్నీ అమెరికా కంపెనీల క్లౌడ్‌లోనే నడిచినాయి. ఇప్పుడు గిరాకీలు ఒక్కొక్కరే అడగతా ఉండారు, మా లెక్కలు యూరప్ కంపెనీల దగ్గరికి మార్చి ఇస్తారా అని.

చిన్నాయన అడిగిన మొదటి ప్రశ్న మంచి ప్రశ్న. "సర్వర్లు ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే ఉండాయి కదా, ఇంక భయం దేనికి?" భయం స్థలం గురించి కాదు. 2018 మార్చిలో అమెరికా క్లౌడ్ యాక్ట్ అని ఒక చట్టం చేసింది. అమెరికా చట్టం కిందికి వచ్చే కంపెనీ చేతిలో ఉన్న సమాచారాన్ని అక్కడి కోర్టు ఉత్తరువుతో అడిగితే ఇవ్వాల్సిందే, అది ఏ దేశంలో దాచినా సరే. గోదాము మన ఊళ్ళోనే ఉన్నా బీగం పరాయి ఊరి యజమాని దగ్గర ఉన్నట్టు. యూరప్‌కు జీడీపీఆర్ అని తన చట్టం వేరే ఉంది, అదీ 2018 మే నుంచి అమల్లోకి వచ్చిందే. ఈ రెంటి మధ్య ఆస్ట్రియా లాయరు మాక్స్ ష్రెమ్స్ వేసిన కేసులతో, అమెరికాకు సమాచారం పంపే ఒప్పందాలు రెండు, 2015లో ఒకటి, 2020లో ఒకటి, యూరప్ కోర్టులో కొట్టుడుపోయినాయి. మూడో ఒప్పందం 2023 నుంచి నడస్తా ఉంది. 2025 జూన్‌లో ఫ్రాన్స్ సెనేట్ కమిటీ ముందు మైక్రోసాఫ్ట్ ఫ్రాన్స్ ప్రతినిధిని ప్రమాణం చేయించి అడిగినారు. ఫ్రాన్స్ ఒప్పుకోకుండా ఫ్రాన్స్ పౌరుల సమాచారం అమెరికాకు పోదని హామీ ఇవ్వగలరా అని. ఇవ్వలేనన్నాడు ఆయన. ఇంతవరకూ అట్లా జరగలేదని కూడా చెప్పినాడు, అదీ రాయాల కదా. అయినా పళ్ళ డాక్టరుకు ఆ మొదటి సగమే గుర్తుండిపోయింది.

ఆయన ఒక్కడి భయమే కాదు ఇది. జర్మనీ ఉత్తరాన ష్లేస్విగ్-హోల్‌స్టైన్ అనే రాష్ట్రం 40,000కు పైగా సర్కారీ మెయిల్ పెట్టెలను మైక్రోసాఫ్ట్ నుంచి ఓపెన్-ఎక్స్‌చేంజ్, థండర్‌బర్డ్ మీదికి మార్చేసింది. 2025 అక్టోబరుకు ఆ పని అయిపోయింది.

పోయేదానికి చోట్లు లేక కాదు. ఫ్రాన్స్‌లో ఓవీహెచ్‌క్లౌడ్, స్కేల్‌వే ఉండాయి. జర్మనీలో హెట్స్‌నర్, అయోనోస్ ఉండాయి. లీడల్ అంగళ్ళు నడిపే గుంపుకు కూడా స్టాకిట్ అని సొంత క్లౌడ్ ఉంది. ఉప్పూ పప్పూ అమ్మేవాళ్ళు సర్వర్లు కూడా బాడుగకు ఇస్తారని చెప్తే జేజి నవ్వింది. అమెజాన్ మొదలయింది పుస్తకాల అంగడిగానే అని చెప్పాల్సి వచ్చింది. యూరప్‌లో పెడితే చాలు, అన్నీ భద్రం అని మాత్రం మేము ఎవరికీ చెప్పము. 2021 మార్చి 10న స్ట్రాస్‌బుర్గ్‌లో ఓవీహెచ్ డేటా సెంటరు ఒకటి కాలిపోయింది. బ్యాకప్ ఇంకో ఊళ్ళో పెట్టుకోనివాళ్ళు చాలామంది అన్నీ పోగొట్టుకున్నారు.

ఇక మార్చే పని. అందరూ అనుకునేది సామాను మోయడమే కష్టమని. అది సులువు. మామూలు లినక్స్ సర్వరు, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, దాచిపెట్టిన ఎక్స్‌రే బొమ్మలు, ఇవన్నీ ఒక రాత్రిలో దాటిపోతాయి. ముడిపడేది లాగిన్ దగ్గర. పొద్దున రిసెప్షన్‌లో కూర్చునే ఆమె ఒక్క పాస్‌వర్డుతో మెయిల్, క్యాలెండరు, రోగుల పట్టీ, ప్రింటరు అన్నీ తెరుస్తుంది. ఆ ఒక్క పాస్‌వర్డు వెనక పాత క్లౌడ్ కంపెనీ ఉంటుంది. ఆ కంపెనీ ఇచ్చిన చిన్న చిన్న సౌకర్యాలు, ఫైలు రాగానే దానంతట అదే నడిచే ప్రోగ్రాములు, వరసలో సందేశాలు పంపే ఏర్పాట్లు, వేరే చోట అదే రూపంలో దొరకవు. ఏది దేనికి తగులుకుని ఉందో ఎవరూ రాసిపెట్టి ఉండరు. అందుకే మా పనిలో సగం రోజులు జాబితాకే పోతాయి.

ఇది మా ఇంట్లో కొత్త కాదు. 1980లో తమిళనాడు సర్కారు కరణం ఉద్యోగాలు తీసేసినప్పుడు తాత చిట్టాలు, అడంగళ్ళు అన్నీ అప్పజెప్పినాడు. అవి తమిళంలోనే ఉండేవి, ఎవరైనా చదువుకోవచ్చు. తాత సొంతానికి రాసుకున్న పుస్తకం మాత్రం తెలుగు గొలుసుకట్టులో ఉండేది. ఏ మడికి ఏ తూము నీళ్ళు, ఏ గట్టు మీద ఎవరికి తగాదా, అన్నీ అందులోనే. కొత్తగా వచ్చిన ఆఫీసరు ఎన్నో నెలలు మా అరుగు మీదికి వచ్చి అడిగి పోయేవాడంట. తాత విసుక్కోకుండా తమిళంలో విడిగా రాసి ఇచ్చినాడని జేజి చెప్తుంది. ఆ పుస్తకం ఇప్పటికీ పెట్టెలో ఉంది. చదవగలిగేది జేజి ఒక్కతే.

ఇంట్లో గొడవ వచ్చింది వేరే చోట. హోసూరులో కూర్చుని జర్మనీ సర్వరు తెరిచి చూసినా, జీడీపీఆర్ లెక్కలో అది సమాచారం ఇండియాకు పోయినట్టే. జపాను, కొరియాలకు ఇచ్చినట్టు యూరప్ మన దేశానికి ఇంకా ఆమోదం ఇవ్వలేదు. ప్రత్యేక ఒప్పంద షరతులు రాసుకుని పని చెయ్యొచ్చు, ఇన్నాళ్ళూ అట్లే చేసినాం. కానీ అమెరికా చేతికి అందకూడదని డబ్బు పెట్టి మార్చుకునే డాక్టరుకు, హోసూరులో నలుగురి చేతికి అందుతుందనేది చెప్పకుండా ఎట్లా ఉంటాం?

చెప్పాల్సిందే అన్నది అక్క. చెప్తే నెలనెలా వచ్చే మెయింటెనెన్స్ డబ్బు పోతుంది, సర్వరు బీగాలు జర్మనీ వాళ్ళకే ఇచ్చేయాల. "ఉండే పని పోగొట్టుకునేదానికి మీరే దారి చూపిస్తారేమప్పా?" అన్నాడు చిన్నాయన. మాలో చిన్నోడూ ఆయన పక్కే. అడగని సంగతి మనమే ఎత్తుకోవడం ఎందుకని వాడి వాదం, ఇప్పటికీ వాడు మారలేదు. ముగ్గురి మాట నెగ్గింది. జర్మనీ కంపెనీకి ఉత్తరం రాసినాం.

వాళ్ళు రెండు వారాలు జవాబు ఇవ్వలేదు. తర్వాత కుదిరిన ఏర్పాటు ఇదీ. జాబితా కట్టడం, మార్చే స్క్రిప్టులు రాయడం, ఉత్తుత్తి పేర్లతో నింపిన డేటా మీద ముందు నడిపి చూడటం మా పని. అసలు సర్వరు మీద చెయ్యి వేసేది వాళ్ళ మనిషి. ఒక్కో గిరాకీకి ఒకసారి ఇచ్చే మొత్తం, అంతే. యూరప్ డేటా యాక్ట్ 2025 సెప్టెంబరు 12 నుంచి అమల్లో ఉంది. 2027 జనవరి 12 తర్వాత క్లౌడ్ మారేవాళ్ళ దగ్గర మార్పు రుసుము వసూలు చేసేదానికి లేదు. కాబట్టి మారేవాళ్ళు ఇంకా పెరుగుతారని మా లెక్క. పెరిగినా పాత రాబడికి సమానం కాదు, అందుకే ఈ ఏడాది మేడ మీద రెండో గది కట్టే మాట ఆపేసినాం.

మొదట మారేది పళ్ళ డాక్టరుదే, వచ్చే నెల ఒక శనివారం రాత్రి. చిన్నోడు రాసిన నలభై పేజీల పుస్తకాన్ని వాళ్ళ మనిషి చదివి, అర్థం కాని చోట్ల గీతలు పెట్టి పంపినాడు. వాటికి జవాబులు రాస్తా ఉండాం. పని అయినాక మా నలుగురి పేర్లు లాగిన్ పట్టీలోంచి తీసేసినట్టు కాగితం మీద రాసి పంపమని కూడా అడిగినాం.