వెలుగు ఎక్కడ ఆగాలి?

మా నాన్న అంబాసిడర్‌ని అమ్మరు. రాత్రిళ్ళు ఒంగోలు నుంచి అద్దంకికి దాన్లోనే వస్తారు. ఆ దారిలో మా భయం లారీలతో కాదు, వెనక ఎర్ర లైటు లేకుండా రోడ్డు వారన ఆగి ఉండే ట్రాక్టర్లతో. మా కారు దీపాలకి అవి మీదికొచ్చేదాకా కనపడేవి కావు.

మొన్న సెలవుల్లో పాత సీల్డ్ బీమ్‌లు తీసేసి యూరప్ తరహా హెచ్4 దీపాలు పెట్టాం. సీల్డ్ బీమ్ అంటే అద్దం, రిఫ్లెక్టరు, ఫిలమెంటు కలిపి మూసేసిన ఒకే ముక్క. అమెరికాలో 1940 నుంచి 1983 దాకా కార్లకి అవే ఉండాలి. యూరప్ వాళ్ళు 1957లోనే వేరే దారి పట్టారు. లో బీమ్‌లో ఎదుటివాడి వైపు వెలుగుని ఒక గీత దగ్గర కోసేసి, మన పక్క రోడ్డు అంచు వైపు మాత్రం కాస్త పైకి లేపారు. 1971లో వచ్చిన హెచ్4 బల్బులో లో ఫిలమెంటు కింద చిన్న లోహపు గిన్నె ఉంటుంది. ఆ గీత పడేది దానివల్లే.

జర్మనీలో ఉన్న అక్క "నేను పంపిస్తాలేరా" అంది. వద్దన్నాం. అక్కడ కుడి పక్కన నడుపుతారు. ఆ దీపం ఇక్కడ సరిగ్గా ఎదుటివాడి కళ్ళలోకి లేస్తుంది. ఎడమ పక్క నడిపే దేశాల దీపానికి, ఎదురుగా నిలబడి చూస్తే, అద్దం మీద కుడివైపు చూపించే బాణం ఉంటుంది. అది చూసే కొన్నాం.

దీపం మారిస్తే సగం పనే అయినట్టు. ఇంజను నడుస్తుండగా మల్టీమీటరు పెడితే బ్యాటరీ దగ్గర 13.2 వోల్టులు, బల్బు దగ్గర 11.4. మిగతాది పాత స్విచ్చులు, సన్న వైర్లు, చిలుము పట్టిన కనెక్షన్లు తినేశాయి. ఫిలమెంటు వెలుగు వోల్టేజీకి దాదాపు 3.4వ ఘాతంలో మారుతుంది. లెక్క కట్టండి, దగ్గర దగ్గర 40 శాతం వెలుగు దారిలోనే పోతోంది. ఓమ్ సూత్రం పరీక్ష పేపరు బయట కనపడటం నాకదే మొదటిసారి.

హై బీమ్‌కి ఒకటి, లో బీమ్‌కి ఒకటి రిలే పెట్టాం. పాత స్విచ్ వైరు 86కి, ఎర్త్ 85కి, బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా లావు వైరు 30కి, 87 నుంచి దీపాలకి. ఇప్పుడు స్విచ్ కబురు మాత్రమే చెబుతుంది, కరెంటు మోసేది రిలే. ఎర్త్ వైరుని కూడా పెయింటు గీకి ఇనుము మీదే బిగించాం. బల్బు దగ్గర 12.9 వచ్చింది.

"ఇదంతా ఎందుకు సార్, వంద వాట్ల బల్బులు ఏసేద్దాం, పట్టపగల్లా ఉంటది" అన్నాడు ఎలక్ట్రీషియన్.

"మనకి పగలే, ఎదురొచ్చేవాడి సంగతేంటి?" అన్నారు నాన్న. ఆయనకి 58 ఏళ్ళు. ఎదురు లైటు కళ్ళలో పడితే కొన్ని క్షణాలు ఏమీ కనపడదు. ఆ క్షణాల్లో కారు ఎంత దూరం పోతుందో ఆయనకి తెలుసు.

ఆఖరి పని గోడ ముందు. చదునైన చోట, గోడకి 10 మీటర్ల దూరంలో కారు ఆపి, దీపం మధ్య ఎత్తుకి గోడ మీద సుద్దతో గీత గీశాం. వెలుగు అంచు ఆ గీతకి 10 సెంటీమీటర్లు కింద పడేదాకా స్క్రూలు తిప్పాం.

మీ బండికి ఎల్ఈడీలు పెట్టించుకుంటే, ఒక్కసారి దాన్ని గోడ ముందు ఆపి చూడండి. అంచు కనపడకుండా వెలుగు గోడంతా పరుచుకుంటే, అది ఎవరో ఒకరి నాన్న కళ్ళలో పడబోతున్నట్టే.