తాకత్ కన్నా ముందు ఖామోషీ
మా రాంగోపాల్‌పేట్ వాళ్లకు కంప్యూటర్ సామాను కావాలంటే పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరే. టీవీకి కలిపే కంప్యూటర్ కోసం వెళ్లి పెద్ద గ్రాఫిక్స్ కార్డు అడగడం పహలీ గల్తీ. సినిమాలు చూడ్డానికి అది ఫుజూల్ ఖర్చు. 2017 నాటి ఇంటెల్ ఏడో తరం ప్రాసెసరే, వేరే కార్డు లేకుండా, 4కె హెచ్‌ఈవీసీ వీడియోను ఆరాంగా ఆడిస్తుంది. దూస్రీ గల్తీ, పోర్టు చూడకపోవడం. హెచ్‌డీఎంఐ 1.4 అయితే 4కెలో సెకనుకు 30 ఫ్రేములే. 60 కావాలంటే 2.0 ఉండాలి. తీస్రీది, ఇరుకు డబ్బాలో చిన్న ఫ్యాన్. వేడెక్కితే ఒకటే రొద. పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరిగినా అంతే గాలి తోలుతుంది.

రంజాన్ రాత్రుల్లో మక్కా తరావీహ్ లైవ్ పెడితే అమ్మీ కళ్లు మూసుకుని వింటుంది. ఇమామ్ సాబ్ ఆయత్‌కూ ఆయత్‌కూ మధ్య ఆగే ఆ ఖామోషీలో ఫ్యాన్ మోత దూరితే ఆమె మొహం చిన్నబోతుంది. దుకాణంలో ముందు ఆ మోత సంగతి అడగండి భాయ్.