పచ్చదనానికి పూచీ

గని తవ్వినవాడు పని ముగిశాక ఆ నేలను తిరిగి బాగుచేస్తాడని పూచీ ఏమిటి? ఈ ప్రశ్నకు సగం జవాబు బ్యాంకుల బీరువాల్లో ఉంటుందని చాలామందికి తెలియదు. 2017 నాటి ఖనిజ పరిరక్షణ, అభివృద్ధి నియమాల ప్రకారం ‘ఎ’ తరగతి గని యజమాని, వాడుకలో ఉన్న ప్రతి హెక్టారుకూ 3 లక్షల రూపాయల చొప్పున హామీ చూపాలి. 2021లో దాన్ని 5 లక్షలకు పెంచారు. ఈ హామీని బ్యాంకు గ్యారంటీగా ఇవ్వవచ్చు. నేను బి.కాం. చదివినవాణ్ణి. చెట్టూచేమలతో నాకు చుట్టరికం లేదు. అయినా అలాంటి కాగితం బల్లమీదికి వచ్చినప్పుడల్లా ఒకటే సందేహం: నేల బాగుపడిందని తేల్చేదెలా?

మా బళ్లారి జిల్లాలో ఇది ఊసుపోక అడిగే ప్రశ్న కాదు. సండూరు కొండల్లో కుమారస్వామి గుడికి వెళ్లే దారిలో చెట్ల ఆకులు ఎర్రదుమ్ము పట్టి ఏ చెట్టో పోల్చుకోలేని రోజులు మేం చూశాం. 2011 జూలై 29న సుప్రీంకోర్టు ఇక్కడి ఇనుప గనులను ఆపింది. 2013 ఏప్రిల్ 18 తీర్పు తర్వాత, పునరుద్ధరణ ప్రణాళికకు కట్టుబడితేనే గని తెరవాలన్నారు. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన మండలివారు ఆ ప్రణాళికల తయారీలో పాలుపంచుకున్నారు. కాగితం మీద అంతా ఉంది. కొండమీద ఏముందన్నదే తేలాలి.

మా అక్కయ్య కొడుకు ఉపగ్రహ చిత్రాలు పరిశీలించే ఉద్యోగంలో ఉన్నాడు. కిందటి వేసవి సెలవుల్లో వచ్చినప్పుడు వాణ్ణి కూర్చోబెట్టి అడిగాను. ఆకు ఎర్రని కాంతిని పీల్చుకుంటుంది, మన కంటికి కనబడని పరారుణ కాంతిని వెనక్కి కొడుతుంది. ఆ రెంటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే మైనస్ 1 నుంచి 1 దాకా ఒక అంకె వస్తుంది. బోడిమట్టికి అది సున్నాకు కాస్త పైన, దట్టమైన ఆకుకు 0.6 దాటి ఉంటుంది. అమెరికావారి ల్యాండ్‌శాట్ 1984 నుంచి 30 మీటర్ల గళ్లుగా తీసిన చిత్రాలున్నాయి. 2015లో వచ్చిన ఐరోపావారి సెంటినెల్-2 చిత్రాల్లో గడి 10 మీటర్లే. రెండూ ఉచితం.

చంద్రపూర్, తాల్చేరు వైపు పాఠకులకు ఇది కొత్త కాకపోవచ్చు. కోల్ ఇండియా పెద్ద ఓపెన్‌కాస్ట్ గనులను దాని అనుబంధ సంస్థ సి.ఎం.పి.డి.ఐ. ఏటా, చిన్నవాటిని మూడేళ్లకోసారి ఉపగ్రహంతో చూసి నివేదికలు వేస్తోంది.

“ఇంకేం రా, పాస్‌బుక్కు చూసుకున్నట్టే గదా!” అన్నాను.

“మార్చి నెల బొమ్మ చూడండి మామయ్యా” అని వాడు రెండు గళ్లు చూపించాడు. ఒకటి గోధుమరంగు, రెండోది నిగనిగలాడే పచ్చ. చూసేవాడెవడైనా రెండోదానికే మార్కులేస్తాడు. తీరా గోధుమరంగుది ఎవరూ ముట్టని అడవి. పచ్చనిది గని మట్టిదిబ్బ. మా కొండలది ఆకురాల్చే అడవి. చిరుమాను, మోదుగ వేసవిలో మోడులై నిలబడతాయి. దిబ్బమీద పెట్టిన ఆస్ట్రేలియా తుమ్మ, నీలగిరి ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటాయి. సర్కారు తుమ్మ, లాంటానా కంప అల్లుకున్నా ఆ అంకె పెరుగుతుంది. కాబట్టి అంకె పెద్దదా అని కాదు, పక్కనున్న అసలు అడవితో పాటు వానకు పెరిగి, వేసవికి తగ్గుతోందా అని చూడాలట. వానాకాలపు ఫొటో ఒకటి పెట్టి హామీ విడిపించుకుంటామంటే నేనైతే సంతకం పెట్టను. ఆరేడు వేసవుల బొమ్మలు వరసగా కావాలంటాను.

మరునాడు మేమిద్దరం అనుమతి తీసుకుని ఒక పాత దిబ్బమీదికి వెళ్లాం. గని పేరు అనవసరం. వాలును మెట్లుగా చెక్కారు, అడుగున రాతిగోడ కట్టారు, మట్టి జారకుండా పరచిన కొబ్బరిపీచు వల సగం చివికిపోయింది. తాడుతో 10 మీటర్ల చదరం గీసుకుని, లోపలి చెట్లన్నీ లెక్కపెట్టాలి. ఛాతీ ఎత్తున చుట్టుకొలత రాసుకోవాలి. గడ్డికైతే మీటరు చదరం చాలు. ఎండ మాడుస్తోంది. నాటిన మొక్కల సంఖ్య మంజూరైన అప్పు లాంటిది, బతికినవి వసూలైన బాకీ అని నాకు అక్కడ అనిపించింది. మావాడి దృష్టి మాత్రం వేరే. వాడు ఎవరూ నాటని వాటికోసం వెతుకుతున్నాడు. ముందు గడ్డి, తర్వాత బందారు పొదలు, వాటి నీడలో రాలిన ఆకు కుళ్లి కాస్త నల్లమట్టి. అక్కడ జానెడు రేగు మొక్క.

తోడొచ్చిన ఫారెస్టు వాచరు కన్నడం కలిసిన తెలుగులో, “ఇది మేం పెట్టింది కాదు సార్, పిట్ట పెట్టింది” అన్నాడు.

అలాంటివి మా చదరంలో ఒక చేతి వేళ్లకు సరిపోయాయి. నీలగిరుల కింద గీసిన రెండో చదరంలో ఒక్కటీ లేదు. పైనుంచి చూస్తే రెండూ పచ్చనివే మరి. మావాడు రెంటినీ వేర్వేరు పేజీల్లో రాసుకుని, మూలల్లో ఎర్రరంగు రాళ్లు పాతి వచ్చాడు. వచ్చే మార్చిలో అవే చదరాలు మళ్లీ కొలవాలట. తాడు మా ఇంట్లోనే ఉంచి వెళ్లాడు.