తాండూరు బండ... తడబడని కుర్చీ!

పైన కంది... కింద నాపరాయి! తాండూరు బతుకుదెరువు గురించి రెండు ముక్కల్లో చెప్పాలంటే ఇంతే. హైదరాబాద్ నుంచి వాడి వెళ్లే రైలుమార్గంలో వికారాబాద్ దాటాక వస్తుందీ ఊరు. ఇక్కడి కందులకు 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇక రాయి సంగతంటారా... తెలుగునాట దాని మీద కూర్చోని వాళ్లు అరుదు.

ఊరి చుట్టుపక్కల గనుల్లో మట్టి తొలగిస్తే పుస్తకంలో పేజీల్లా పొరలు పొరలుగా కనిపిస్తుంది సున్నపురాయి. ఉలి పెట్టి కొడితే పలకలుగా లేచి వస్తుంది. నీలం, పసుపు... ప్రధానంగా రెండు రంగులు. సరిహద్దు అవతల కర్ణాటకలో దొరికే షాబాద్ బండలూ ఈ కోవలోవే.

పెరట్లో నాలుగు కుర్చీలూ ఓ బల్లా వేసుకోవాలనుకునేవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది మాత్రం రాయి గురించి కాదు, దాని కిందున్న నేల గురించి. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. కుర్చీ కాళ్లు దిగబడతాయి. ఇనుమైతే తుప్పు, చెక్కైతే చెద! పోనీ ఆ మట్టి మీదే బండలు పరిచేద్దామా అంటే, నాలుగు వానలు పడేసరికి ఎగుడుదిగుడైపోతాయి. అందుకే పైమట్టి తీసేసి, మొరం పోసి, తడిపి దిమ్మిసతో గట్టిపరచాలి. దాని మీద ఇసుక, ఆ పైన బండ. నీళ్లు నిలవకుండా పది అడుగులకు అంగుళం పైచిలుకు వాలు ఉంచాలి. మధ్యాహ్నం ఎండకు రాయి కాలుతుంది కాబట్టి చెట్టునీడ చూసుకోవాలి. చెట్టు మొదలు చుట్టూ మాత్రం మట్టి వదిలేయాలి. మరకలు పోవాలని యాసిడ్ పోశారో... రాయినే తినేస్తుంది!

నునుపు బండా, గరుకు బండా? అద్దంలా మెరిసేది చూడ్డానికి బాగుంటుంది. కానీ వానలో పెద్దవాళ్లు జారిపడేదీ దాని మీదే. ఆ మెరుపు వెనక మరో కథ కూడా ఉంది. పాలిషింగ్ యూనిట్ల నుంచి వచ్చే రాతి బురద ఎండిందంటే తెల్లటి దుమ్మై లేస్తుంది. ఆ దుమ్ము పీల్చేది అక్కడ పనిచేసే కూలీలూ ఆ పక్కన కాపురముండేవాళ్లే.

ఆరుబయటికి గరుకు బండ అడిగితే పాలిష్ ఖర్చు మిగులుతుంది, కాలు జారదు. తాండూరు గాలిలో దుమ్మూ ఆ మేరకు తగ్గుతుంది. సాయంత్రం చెట్టు కింద కుర్చీ వేసుకుని చాయ్ తాగడానికి అద్దంలాంటి నేల ఎందుకు... కుర్చీ కదలకుంటే చాలదూ!