బిగువు

హైదరాబాదులోని సుల్తాన్ బజారుకు ఒకప్పుడు రెసిడెన్సీ బజారని పేరు. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసినది ఆ ప్రాంతంలోనే. ఇంటర్మీడియట్ చదివే రోజులలో నేను పుస్తకాల కోసం ఆ వీధులలో తిరిగేవాడిని. మా అన్నయ్య నట్ల కోసం, బోల్టుల కోసం తిరిగేవాడు. ఇంటి మిద్దెపై చిన్న విమానాన్ని నిర్మించాలన్నది అతని కల. వినినవారందరూ నవ్వేవారు. ముంబైకి చెందిన అమోల్ యాదవ్ తాను నివసించే భవనం పైకప్పు మీద ఆరుగురు కూర్చునే విమానాన్ని నిర్మించి, 2016లో ప్రదర్శించాడని చదివినప్పుడు నాకు అన్నయ్యే గుర్తుకు వచ్చాడు.

రెక్కను విమాన దేహానికి కలిపే రెండు ఉక్కు పలకలకు మేము వేరువేరుగా రంధ్రాలు తొలిచాము. పలకలను జతచేసి చూస్తే 3/16 అంగుళపు బోల్టు దూరలేదు. వాటిని సుల్తాన్ బజారు గల్లీలోని ఒక వృద్ధ ఫిట్టరు వద్దకు తీసుకొని వెళ్ళాము. అక్కడ ఓపిక నశించి నేను సుత్తి ఎత్తాను. ఆయన నా చేయి పట్టుకున్నాడు.

“బిడ్డా, సుత్తెతోని కొడితే బోల్టు పోతది. కానీ బెజ్జం కరాబైతది. మీదికి పోయినంక దాన్ని ఎవరు చూస్తరు?”

“మరి పెద్ద డ్రిల్లు వేస్తే సరిపోతుంది కదా, తాతా?” అన్నాను.

“వదులైతే ఊగుతది. ఊగిన కొద్దీ బెజ్జం పెద్దగైతది.”

బలవంతంగా దూర్చిన బోల్టు రంధ్రపు గోడను గీరుతుంది. ప్రతి కుదుపుకూ ఆ గీత వద్ద పగులు పుట్టి పెరగవచ్చు. వెంట్రుకవాసి తేడాలో ఇంతటి ప్రమాదం దాగి ఉన్నదని నాకు అప్పుడే తెలిసింది. మా రంధ్రాలు బోల్టు కన్న కొంచెం చిన్నవి కావడం మా అదృష్టం. తాత రెండు పలకలను ఒకటిగా బిగించి, రీమరును నెమ్మదిగా ముందుకే తిప్పాడు. ఒక్కసారి కూడా వెనుకకు తిప్పలేదు. తరువాత చుక్క నూనె వేసి బోల్టును బొటనవ్రేలితో నొక్కాడు. అది మెల్లగా, నిండుగా ఒదిగిపోయింది.

1990 జూన్ 10న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఒకటి ఆకాశంలో ఉండగా ముందరి అద్దం ఊడిపోయింది. కెప్టెన్ దేహం సగం వెలుపలికి లాగివేయబడింది. సిబ్బంది ఆయనను గట్టిగా పట్టుకొని ఉండగా, సహపైలట్ విమానాన్ని క్షేమంగా దించాడు. కెప్టెన్ బ్రతికాడు. అద్దానికి బిగించిన 90 బోల్టులలో 84 కావలసిన వాటి కన్న 0.66 మిల్లీమీటర్లు సన్ననివి. పాతవాటితో కంటికి పోల్చి ఎంచుకున్నవవి! ఈ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆనాడు నేను సుత్తి ఎత్తినది మా అన్నయ్య ప్రాణం నిలువవలసిన రెక్క మీదనే.

ధనం చాలక మా విమానం ఎన్నడూ ఎగరలేదు. ఆ పలకలు మాత్రం నా బల్లపై ఉన్నాయి. పని త్వరగా ముగించాలని మనసు తొందరపడినప్పుడు ఆ బోల్టును బయటికి తీసి, మళ్ళీ బొటనవ్రేలితో నొక్కి చూస్తాను. ఎవరూ చూడని చోట పని ఎలా జరగాలో ఆ వృద్ధుడు నాకు నేర్పిన పాఠం అందులో ఇంకా బిగువుగానే ఉన్నది.